కంపు మందు పోయని రోజు

నా తెలివి తెల్లారి ఒక ముసలాయన కూడు పోయిన కథ చెబుతాను. మీరు నవ్వండి, నేనేమీ అనుకోను. నాకే ఇంకా పూర్తిగా నవ్వు రావడం లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో చిట్యాల దగ్గర రంగులకు వాడే అక్రిలిక్ జిగురు ఫ్యాక్టరీలో కెమిస్టుగా ఉండేవాణ్ణి. జిగురంటే పొడవాటి అణువుల గొలుసులు. వాటికి కొమ్మలు రావాలి, కానీ అవి ఒకదాన్నొకటి పట్టుకోకూడదు. పట్టుకున్నాయో, సరుకంతా ఒకే ముద్ద! అందుకే గొలుసులు మరీ సాగకుండా ఒక మందు పోస్తాం. అదేమో వంటగ్యాస్ కంపు. మూడు స్నానాలు చేసినా వదలదు.

అంతకుముందు పెళ్లిచూపుల్లో నేనలా కూర్చున్నానో లేదో, పిల్ల అవ్వ "ఓ దేవుడా, సిలిండర్ లీకైతాంది!" అని అందర్నీ వాకిట్లోకి తరిమింది. ఆ సంబంధం అక్కడే పోయింది.

ఈసారి సాయంత్రం భువనగిరిలో పెళ్లిచూపులు. అత్తరు పూసుకొని డ్యూటీకి వెళ్లాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అని మందు డబ్బా మూతే తీయలేదు.

"సార్, మందు పోసినవా?" అన్నాడు ఆపరేటర్ జహంగీర్ చాచా. మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషి. ఆ ఇంటికి ఆయన జీతమే దిక్కు.

"పోసిన చాచా."

"వాసనే రాకపాయె?"

"నీకు సర్ది అయినట్టుంది!"

మధ్యాహ్నానికి కలిపే మోటారు మూలిగి ఆగిపోయింది. మూత తీస్తే లోపల జిగురు లేదు, బండ ఉంది. మేనేజర్ ఊగిపోయాడు.

"వేడి ఎక్కువ పెట్టింది నువ్వే కదా, చాచా? రేపటి నుంచి రాకు!"

చాచా నావైపు చూశాడు. నేను గడియారం చూసుకున్నాను. థూ, నా బతుకు! ఆయన టిఫిన్ డబ్బా పట్టుకొని, గోడ ఆసరాతో మెట్లు దిగి వెళ్లిపోయాడు.

భువనగిరిలో ఎవరూ ముక్కు మూసుకోలేదు. పిల్లకు నేను నచ్చాను. నేను మాత్రం ఉప్మా ప్లేటు అలాగే వదిలి లేచాను. మర్నాడే మేనేజర్ ముందు నిజం కక్కేశాను. "అయితే నువ్వే గీకు" అని ఉలి చేతిలో పెట్టాడు. మూడు రోజులు ఆ ముద్దను గీకి, కొత్త సరుకులో మందు నా చేత్తోనే పోసి, ఆ కంపుతోనే మర్రిగూడ వెళ్లాను.

"తప్పు నాదే చాచా. మళ్ల రమ్మన్నరు."

"నాకెరుకే సార్. మందు పోసినోడు అత్తరు వాసన కొడ్తడా?"

"మరి మేనేజరుకు చెప్పకపోతివి?"

"పెండ్లి గావాల్సిన పిలగానివని ఊకున్న. నువ్వే చెప్తవనుకున్న." మంచం మీద కాలు సర్దుకున్నాడు. "గా దినం మెట్లు దిగుతుంటెనే మోకాలు పట్టింది. ఇగ ఎక్కలేను." ముక్కు మూసుకుని నవ్వాడు. "జర దూరం కూసో. ఇయ్యాల నిజంగనే పోసినవ్."

చాచా మళ్లీ రాలేదు. అందుకని ఆ మందు డబ్బా మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: నా పెళ్లి రోజైనా సరే, డ్యూటీ ఉంటే మందు పోసి, కంపు కొడుతూనే పీటల మీద కూర్చుంటానని. కూర్చున్నాను కూడా. ఫొటోల్లో చూడండి, పురోహితుడు ఎంత దూరంలో ఉన్నాడో.