కల్వర్టు మీద ఆగిన కారు

నా దగ్గర ముప్పై ఏళ్ల నాటి పెట్రోలు కారు ఒకటుంది. అవసరానికి కాదు, ఇష్టపడి కొనుక్కున్నాను. కోరుట్లలో బడి పంతులమ్మను. ఆదివారం వస్తే చాలు, ఆ కారు కిందే ఉండేదాన్ని. పోయిన చలికాలంలో దాని తుప్పంతా గీకి, జగిత్యాల నుంచి తెచ్చిన నీలం రంగు నేనే వేశాను. పాత పెట్రోలు పంపుకు సామాన్లు దొరకక, అంతకుముందే మా మెకానిక్ వెనక టాంకు పక్కన కరెంటు పంపు బిగించి ఉన్నాడు.

ఎండలు ముదిరాక ఆ పంపు ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. మెకానిక్ దాన్ని విప్పి బల్ల మీద పెట్టి బ్యాటరీ తగిలిస్తే చక్కగా తిరిగింది. బండికి బిగిస్తే పది కిలోమీటర్లకు మళ్లీ ఆగింది. కొత్త పంపు వేశాడు. అదీ అంతే. నాకు కోపం వచ్చింది.

"డూప్లికేట్ పంపు ఏసిన్రా చాచా?" అన్నాను, షాపులో ఇద్దరు గిరాకీల ముందే.

ఆయన చేతిలోని పానా కింద పెట్టాడు. "ముప్పై ఏండ్ల సంది గీ పని చేస్తున్న మేడం. గసొంటి మాట ఇప్పటిదాక ఎవ్వలు అనలే."

బండి తీసుకుని వచ్చేశాను.

నాలుగు రోజులకు సిరిసిల్లలో మా అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయింది. మా ఆయన దుబాయిలో ఉంటాడు కాబట్టి ఇంటికి తేవలసింది నేనే. కిరాయి బండి మాట్లాడుకోవచ్చు. కానీ రెండు రోజులుగా కారు ఆగలేదన్న ధీమాతో దాన్నే తీసుకెళ్లాను.

తిరిగి వస్తుంటే, కథలాపూర్ ఇంకా రాకముందే, మలుపు దాటగానే ఉన్న ఇరుకు కల్వర్టు మీద ఇంజను రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. ముందు ఎత్తు. ఒక్కదాన్నే తోస్తే కారు కదల్లేదు. మలుపు అవతలి నుంచి వచ్చే లారీకి మేం కనపడం.

"దిగు అత్తమ్మా. అవతలికి పోయి నీడకు నిలబడు," అన్నాను.

నల్లద్దాల వెనక ఒక కంటికి పట్టీతో ఆమె దిగింది. నీడకు పోలేదు. మలుపు దాకా నడిచి, భుజం మీది తువ్వాల తీసి ఊపడం మొదలుపెట్టింది.

"దుమ్ము పడొద్దన్నరు డాక్టరు! ఇటు రా!" అని అరిచాను.

"ఇంకో కన్ను మంచిగనే ఉన్నది. నువ్వు నీ పని సూస్కో!"

ఫ్యూజు బాగానే ఉంది. తాళం తిప్పి ఉంచి, టెస్ట్ ల్యాంపు పట్టుకుని కారు కిందికి దూరాను. అది ఒక చివర క్లిప్పు, ఇంకో చివర సూది ఉన్న చిన్న బల్బు. క్లిప్పు ఇంజను వైపున్న ఒక బోల్టుకు పెట్టి, పంపుకు వచ్చే వైరుకు సూది ఆనించాను. బల్బు వెలిగింది. కరెంటు వస్తోంది, అంటే పంపే చెడిందన్నమాట. ఇదివరకు నేనూ మెకానిక్కూ ఇక్కడి దాకే చూసి ఆగిపోయాం.

అంతలో బ్రేకులు కీచుమన్నాయి. తల తిప్పితే బారెడు దూరంలో లారీ చక్రాలు.

"ముసలవ్వా, సస్తవా ఏంది?" డ్రైవర్ గొంతు.

"బండి కింద నా కోడలున్నది! మెల్లగ పో!"

లారీ మా కారును రాసుకున్నట్టే పక్కనుంచి పోయింది. ఆ అదురుకు క్లిప్పు ఊడిపోయింది. సూదిని అక్కడే ఉంచి, ఈసారి తొందరలో దాన్ని పంపు నుంచి బయటికి వచ్చే నల్ల వైరుకు పెట్టాను. బల్బు వెలగలేదు. కరెంటు వచ్చే దారి ఉంది, తిరిగి పోయే దారే లేదు. ఆ నల్ల వైరును, అంటే ఎర్త్‌ను, కారు ఇనుముకు పట్టి ఉంచే బోల్టు కింద దట్టంగా నీలం రంగు. రంగు కరెంటును ఆపుతుంది; మరల గుండా అందే కాస్తా బండి వేడెక్కితే తెగిపోతోంది. రంగు వేశాక ఆ బోల్టు బిగించింది నేనే.

పెట్రోలు వాసన ముక్కుకు తగులుతోంది. తాళం ఆపకుండా వైరు కదిపితే నిప్పురవ్వ లేస్తుంది. పాకుతూ బయటికొచ్చి తాళం ఆపి, మళ్లీ దూరాను. బోల్టు విప్పి, కత్తితో ఇనుము తెల్లబడేదాకా గీకి, మళ్లీ బిగించాను. తాళం తిప్పితే పంపు గుర్రుమంది. అత్తమ్మను ఎక్కించుకుని కల్వర్టు దాటాను. ఆమె పట్టీ కింద నుంచి నీళ్లు కారుతున్నాయి.

మరునాడు షాపుకు వెళ్లాను. ముగ్గురు గిరాకీలున్నారు. వాళ్లకు వినపడేలాగే చెప్పాను. "తప్పు మీది గాదు చాచా. ఎర్త్ బోల్టు కింద రంగుండె. ఏసింది నేనే."

ఆయన కారు కిందికి పోయి చాలాసేపు చూశాడు. "రంగు మంచిగనే ఏసిన్రు మేడం. ఒక్క సందు ఇడిసిపెట్టలే," అన్నాడు. గిరాకీలు నవ్వారు. ఆయన నవ్వలేదు. పంపు నుంచి బ్యాటరీ దాకా ఇంకో వైరు లాగి, గట్టిగా బిగించి ఇచ్చాడు.

కంటి పరీక్షకు బస్సులో వెళ్లాం. దుమ్ములో నిలబెట్టిన సంగతి నేనే చెప్పాను. డాక్టరు నన్ను గట్టిగా కోప్పడి, పట్టీ విప్పి, ఇంకో కన్ను మూయించి, మూడు వేళ్లు చూపించి ఎన్నని అడిగాడు. అత్తమ్మ మెడ ముందుకు చాచి చూసింది.

"మూడు," అంది.

అప్పుడు కూర్చున్నాను.