నీళ్ళ గుమ్మం ఎండిన రోజు

బిడ్డ కోసం ఎదురుచూస్తున్న దంపతులకి ఆ హోటల్ చలికాలంలో ఒక విహారం అమ్ముతుంది. దాని పేరు 'ముగ్గురం కాబోతున్నాం'. జనవరిలో పండగలు ముగిసిన దగ్గర్నుంచి ఫిబ్రవరిలో వచ్చే ముసుగుల ఉత్సవం కార్నివాల్ దాకా, వెనిస్‌లో హోటళ్ళు బోసిపోయి ఉండే రోజుల్లో, మూడు రాత్రులు. కాబోయే తల్లి నడుం కింద ఒక మెత్త, మోకాళ్ళ కింద ఇంకో మెత్త, పాదాలు పెట్టుకోవడానికి వేడినీళ్ళ తొట్టి, మంచం మీద తువ్వాలుని మడిచి చేసిన కొంగ. పిల్లల్ని కొంగ ముక్కున కరిచి తెస్తుందని అక్కడ పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి చెప్పే మాట. వీటన్నిటికంటే పెద్ద అక్షరాల్లో రాసింది మరొకటి: పడవ దిగితే నేరుగా మా గుమ్మమే, ఒక్క వంతెన కూడా ఎక్కనక్కర్లేదు!

ఆ మెత్తల్నీ తొట్లనీ మూడో అంతస్తుకి మోసే మనిషి నెరీనా. లిఫ్టు లేక కాదు. ఇద్దరు పట్టే లిఫ్టు ఉంది, అతిథులకి. పనివాళ్ళకి వెనక మెట్లున్నాయి, యాభై నాలుగు. ఇతరుల కడుపుల్ని పువ్వుల్లో పెట్టి చూసుకునే ఆ జనవరిలో నెరీనాకీ ఆరో నెల.

ఆమె ఆ ఊళ్ళోనే పుట్టింది. ఊరికి తూర్పు కొసన, తాళ్ళ మీద ఆరేసిన బట్టలు ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి సాగే సందులో. తండ్రి కాలవల్లో పూడిక తీసే పడవ మీద పనిచేశాడు. ఆయన పోయాక ఇంటి యజమాని ఆ వాటాని యాత్రికుల బసగా మార్చుకున్నాడు. నెరీనా, ఆమె భర్త అల్వీజె సామాను సర్దుకుని పొడుగు వంతెన దాటి అవతలి గట్టునున్న మెస్త్రేకి పోయారు. తను పుట్టిన ఊరికి ఇప్పుడు ఆమె రోజూ ట్రామెక్కి పనికొస్తుంది. పక్కలు మార్చడానికి, స్నానాల గదులు కడగడానికి. అలా పదకొండేళ్ళు.

రెండేళ్ళ కిందట, ఒక నవంబరులో, ఆ యాభై నాలుగు మెట్లలో ముప్పయ్యోదో ముప్పై ఒకటోదో, భుజాన దుప్పట్ల మూటతో ఆమె కూలబడిపోయింది. అప్పుడు నాలుగో నెల. ఆ బిడ్డ దక్కలేదు. హోటల్ తరఫున పువ్వులొచ్చాయి. పై వారం నుంచి మూటలూ వచ్చాయి.

అందుకే ఈసారి మూడో నెల రాగానే డాక్టరు కాగితం తెచ్చింది. బరువులు మోయించకూడదు, తేలిక పని ఇవ్వాలి అని ఉంది అందులో. చట్టం చెప్పేదీ అదే. తేలిక పని లేకపోలేదు. కింది అంతస్తులో, కాలవలోకి తెరుచుకునే నీళ్ళ గుమ్మం పక్కన బట్టల గది ఉంది. లాండ్రీ పడవ తెచ్చినవి లెక్క చూసుకుని, మడతపెట్టి, అంతస్తుల వారీగా అమర్చే పని. అది చేసే యోలే డిసెంబరులో రిటైరైంది. కుర్చీ ఖాళీగానే ఉంది.

నెరీనా మూడుసార్లు అడిగింది. పనివాళ్ళని చూసుకునే మిరెల్లా మూడుసార్లూ తన గోళ్ళ వంకే చూసుకుంటూ సమాధానం చెప్పింది.

"బట్టల గదికి మనిషి అవసరం లేదంటున్నారు పైవాళ్ళు. నన్నేం చెయ్యమంటావ్? పోనీ, సెలవు పెట్టుకో."

"సెలవు పెడితే కార్నివాల్‌కి మళ్ళీ పిలుస్తారా మేడమ్?"

 జనవరి ఆఖరుకి అందరి ఒప్పందాలూ అయిపోతాయి. కార్నివాల్‌కి కొందర్ని పిలుస్తారు, కడుపుతో ఇంటికెళ్ళిన వాళ్ళని పిలవరు. ఎక్కడా రాసి ఉండదు, పిలవరంతే.

ఆ బుధవారం సాయంత్రం పని ముగించుకుని ట్రాములో వంతెన దాటుతూ నెరీనా ఉత్తరం వైపు చూసింది. కొండలు కనిపించాయి. మామూలుగా ఆ దిక్కున పొగమంచు తప్ప మరోటి ఉండదు. ఆ వేళ తెల్లటి శిఖరాలు ఒక్కొక్కటీ చెక్కినట్టున్నాయి. గాలి లేదు, ఆకాశం అద్దంలా ఉంది, చలి ఎముకలు కొరికేస్తోంది. తండ్రి ఉంటే టోపీ వెనక్కి తోసుకుని, "రేపు పడవలకి సెలవు" అనేవాడు. జనవరిలో అలా కొండలు దగ్గరికొచ్చాయంటే సముద్రం నీళ్ళు వెనక్కి లాగేసుకుంటుంది. చిన్న కాలవలు అడుగు కనిపించేలా ఎండిపోతాయి. వెనిస్ అంటే నీళ్ళు ఎక్కువై మునిగే ఊరనే బయటివాళ్ళకి తెలుసు. నీళ్ళు లేక పడవ మట్టిలో కూరుకుపోయే రోజులు ఉంటాయని, అవి సరిగ్గా 'గుమ్మం దాకా పడవ' అమ్మే నెలల్లోనే వస్తాయని మిలాన్‌లో కూర్చుని ఆ ప్రకటన రాసినవాళ్ళకి తెలీదు.

ఇంట్లో అల్వీజె చిక్కుళ్ళ సూపు వేడిచేస్తున్నాడు. ఊరి పడవ బస్సులో తాడు కట్టే ఉద్యోగం అతనిది.

"రేపు నీళ్ళుండవు," అంది నెరీనా, బూట్లు విప్పుతూ.

"కొండలు కనిపించాయా?"

"మంచు మడతలతో సహా."

"మరి మిరెల్లాకి చెప్పావా? లాండ్రీ పడవని పొద్దున్నే రమ్మంటుంది గదా."

"పోయినేడు చెప్పాను. ఏమందో గుర్తులేదా నీకు? 'నీ పని గదులు తుడవడమా, వాతావరణం చెప్పడమా' అంది. ఈసారి గదులే తుడుస్తాను."

అల్వీజె గరిటె ఆపి ఆమె మొహం చూశాడు. "నువ్వేదో పెట్టుకున్నావ్ మనసులో."

"కూర్చుంటాను. అంతే."

"ఉద్యోగం ఊడితే?"

"ఊడితే ఊడనీ. పోయినసారి ఉద్యోగం నిలబెట్టుకున్నాం గదా, ఏం మిగిలింది?"

అల్వీజె సూపు గిన్నె ఆమె ముందు పెట్టి, పక్కన కూర్చుని, ఆమె పాదాలు తన ఒళ్ళోకి తీసుకున్నాడు. వేడినీళ్ళ తొట్టి ఆ ఇంట్లో లేదు.

మర్నాడు ట్రాములో తోటి పనివాళ్ళిద్దరికీ విషయం చెప్పింది. ఔరికా మల్దోవా దేశపు మనిషి, పొడగరి, మాట పొదుపు. షెఫాలీ ఢాకా నుంచి వచ్చింది, ఆమెకి మాటే ఊపిరి.

"అంటే అక్కా, అరవాలా మనం?" అంది షెఫాలీ.

"అరవం. పని మానం. కానీ నా పేరు కాగితం మీద పడేదాకా మూటలు ముట్టుకోం. మూటల మీదే కూర్చుంటాం."

"కూర్చోవడమా! ఏడేళ్ళబట్టీ నా కోరిక అదే. ఒక్కళ్ళూ చెప్పిన పాపాన పోలేదు."

ఔరికా కిటికీలోంచి చూస్తూ, "రేపు నాకూ రావచ్చు కడుపు," అంది. నలభై ఆరేళ్ళ మనిషి. ముగ్గురూ నవ్వారు, ట్రామంతా వెనక్కి తిరిగి చూసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా హోటల్ పక్క కాలవలో నీళ్ళు మోకాలి లోతుకి దిగాయి. రెండు కాకముందే అవీ లేవు. నల్లటి బురద, అందులో ఒక టైరూ విరిగిన కుర్చీ, పక్కకి ఒరిగిపోయిన రెండు పడవలు, కుళ్ళిన వాసన. నీళ్ళ గుమ్మం కింద ఎన్నడూ ఎండ చూడని పాచిమెట్లు నాలుగు బయటపడ్డాయి.

లాండ్రీ పడవ పెద్ద కాలవ దాటి లోపలికి రాలేకపోయింది. నడిపేవాడు పంతొమ్మిది మూటలూ పెద్ద రేవు మీదే దించేసి ఫోన్ చేశాడు. మూడు గంటలకి 'ముగ్గురం కాబోతున్నాం' వాళ్ళు దిగుతారు. గదుల్లో పక్కలు వేసి లేవు.

మిరెల్లా ముగ్గురినీ వెంటబెట్టుకుని రేవుకి పరుగెత్తింది. "రెండు చేతిబళ్ళున్నాయి. మూడే మూడు వంతెనలు. తలా ఆరు మూటలు, కానివ్వండి, కానివ్వండి!"

నెరీనా దగ్గర్లో ఉన్న మూట మీద కూర్చుంది. ఆమె పక్క మూట మీద ఔరికా. షెఫాలీ రెండు మూటలు కలిపి మరీ సర్దుకుని కూర్చుంది.

"ఏమిటిది?"

"బట్టల గదికి నన్ను వేసినట్టు రాసి సంతకం పెట్టండి మేడమ్. సెలవుకి పోయేదాకా బట్టల గదే. కార్నివాల్ పిలుపులో నా పేరుండాలి. ఆ రెండే."

"ఇప్పుడా? ఇక్కడా? నీకు బుద్ధుందా నెరీనా, ఇంకో గంటలో అతిథులు!"

"మూడుసార్లు లోపల అడిగాను. ఇప్పుడు బయట అడుగుతున్నాను."

"మిగతా ఇద్దరికీ ఏమొచ్చింది?"

"మాకా? నొప్పులు," అంది షెఫాలీ, నడుం పట్టుకుని.

మిరెల్లా మొహం ఎర్రబడింది. అంతలో రేవు దగ్గరికి టాక్సీ పడవ ఒకటి వచ్చి ఆగింది. గంట ముందే దిగారు అతిథులు, ఫ్రాన్సులోని లియోన్ నుంచి. ముందు పెట్టెలు, తర్వాత భర్త, తర్వాత అతని చెయ్యి పట్టుకుని నిండు కోటులో భార్య. లోపలికి పోలేను, నీళ్ళు లేవని పడవతను చేతులెత్తేశాడు.

భర్త తన ఫోన్ తీసి మిరెల్లా మొహానికి దగ్గరగా పెట్టాడు. "గుమ్మం దాకా అన్నారు. ఇదిగో, రాసుంది. నా భార్యకి ఆరో నెల. వంతెనలు ఎక్కకూడదని ఇంత దూరం ఇది వెతుక్కుని వచ్చాం!"

అతను అరుస్తుంటే అతని భార్య ఎక్కడ నిలబడాలో తెలీక చలిలో వణుకుతోంది.  ఈ రోజుని ఎంచుకుంది నెరీనానే. ఈ మనిషిని మాత్రం లెక్కలో వేసుకోలేదు. కొంచెం జరిగి, మూట మీద చేత్తో తట్టింది.

"రామ్మా, కూర్చో. శుభ్రమైన దుప్పట్లే, నువ్వు పడుకోబోయేవే."

ఆమె కూర్చుంది. వచ్చీరాని ఇటాలియన్‌లో, నెరీనా కోటు వైపు చూపిస్తూ, "నీకూనా?" అంది.

"నాకూ. ఆరో నెలే."

"నువ్వు... ఇవి మోస్తావా?"

"ఇవాళ్టి నుంచి మొయ్యను," అంది నెరీనా. అది ఆమెకి చెప్పిన మాటో, మిరెల్లాకో, తన కడుపులో బిడ్డకో.

మిరెల్లా అందరి వంకా ఒకసారి చూసింది. మూటల మీద నలుగురు ఆడవాళ్ళు, అందులో ఇద్దరు కడుపుతో, ఎదురుగా అరుస్తున్న అతిథి. పడవ బస్సు కోసం నిలబడ్డ జనం ఇటే చూస్తున్నారు. ఆమె గొంతు తగ్గించింది.

"నెరీనా, నేను సంతకం పెడితే పైవాళ్ళు ఒప్పుకోకపోతే? నా పని నాకుండాలి గదా. నాకూ ఇద్దరు పిల్లలు."

"ఒప్పుకోకపోతే మీరూ వచ్చి మా పక్కన కూర్చోండి. మూటలు చాలా ఉన్నాయి."

మిరెల్లా లాండ్రీ రసీదు ఒకటి వెనక్కి తిప్పింది. అతిథి పెట్టె మీద పెట్టుకుని రాసింది. బట్టల గది గురించి ఒక వాక్యం రాసి పేరూ తారీకూ వేసింది. కార్నివాల్ దగ్గర కలం ఆపింది. "ఇది నా చేతిలో లేదు. నిజంగా లేదు. అబద్ధం రాయలేను."

నెరీనా కాగితం రెండుసార్లు చదివింది. సగమే దొరికింది. ఆ సగం యాభై నాలుగు మెట్ల బరువు. మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుని లేచింది.

"ఆ సంగతి పైవాళ్ళనే అడుగుతాను. ఈ చలికాలంలో ఇంకా చాలాసార్లు నీళ్ళు పోతాయి మేడమ్."

అతిథుల పెట్టెలు కూడా ఎక్కించుకుని బళ్ళు కదిలాయి. ఒకటి ఔరికా లాగింది, రెండోది షెఫాలీ, లాండ్రీ పడవతనూ. మిగిలిన మూటలు లియోన్ నుంచి వచ్చిన భర్త అరవడం మానేసి రెండూ, హోటల్ నుంచి వచ్చిన గుమాస్తా రెండూ, మిరెల్లా ఒకటీ ఎత్తుకున్నారు. మొదటి వంతెన నడుమకి వచ్చేసరికే మిరెల్లా మూట దించి రొప్పుతూ నిలబడింది.

"బరువుగానే ఉన్నాయే ఇవి," అంది.

"తడి తువ్వాళ్ళు ఇంకా బరువు మేడమ్," అంది షెఫాలీ దాటిపోతూ.

అందరికంటే వెనక, చెయ్యీ చెయ్యీ పట్టుకుని నెరీనా, ఆ అతిథి నెమ్మదిగా మెట్లెక్కారు. నడక మంచిదే, మోతే పనికిరాదని నెరీనా ఆమెకి సైగలతో చెప్పింది. రెండో వంతెన మీద ఇద్దరూ ఆగి కింద బురదలో టైరుని చూసి ఎందుకో నవ్వుకున్నారు.

సాయంత్రం నెరీనా ట్రాముకి పోలేదు. అల్వీజె పడవ బస్సు ఆగే రేవుకి వెళ్ళింది. అతను తాడు విసిరి కట్టి, చెయ్యి అందించాడు.

"ఏం మేడమ్, విహారమా? ఎన్ని రోజులు?"

"ఒక్క చుట్టు. ముందు సీటు కావాలి."

"అది చలికి గడ్డకట్టే సీటు."

"అదే కావాలి."

జేబులో కాగితం ఉందో లేదో తడిమి చూసుకుని, ముందున్న ఆరుబయటి సీట్లో కూర్చుంది. పడవ ఊరి ఉత్తరం మలుపు తిరిగింది. కొండలు కనిపించలేదు. ఆ దిక్కున మబ్బు పట్టింది, మొహానికి తడిగాలి తగులుతోంది. రేపు నీళ్ళొస్తాయి. లాండ్రీ పడవ గుమ్మం దాకా వస్తుంది, కిందే నిలబడి వాళ్ళు దించినవి తనే చూసుకోవాలి. లెక్క మాత్రమే. పైకి మొయ్యక్కర్లేదు. ఇంకో మనిషిని వేస్తారో లేదో రేపు అదే మొదటి ప్రశ్న, ఎందుకంటే ఇప్పుడు మూడో అంతస్తు ఔరికా మెడకి చుట్టుకుంటుంది.

అల్వీజె తాడు చుట్టుకుంటూ వచ్చి తన ఉన్ని టోపీ తీసి ఆమె తలకి పెట్టాడు.