వంటావార్పు పొయ్యిలో నా ఏడాది ఆకులు

తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న ఆ రోజుల్లో నాకు రెండు రకాలవాళ్లంటే భయం: నా లెక్కలు కాజేసే తోటి పరిశోధకులూ, నా కోస్తా యాస పట్టేసే ఉద్యమకారులూ. (వాళ్లెవరూ నన్నసలు పట్టించుకోలేదన్నది వేరే సంగతి.) ఏడాదిలో అడవి ఎంత ఆకు రాలుస్తుందో తేల్చడం నా పరిశోధన. తుర్కయంజాల్ దాటాక ఉన్న చిట్టడవిలో చెట్ల కింద వలలు కట్టి, వారం వారం రాలిన ఆకులు ఏరి, దిల్‌సుఖ్‌నగర్‌లో నా కిరాయి గది డాబా మీద ఎండబెట్టి, తూచి, పాత పేపర్లలో పొట్లాలు కట్టేవాణ్ణి. తూకం పొట్లం మీదే రాసేవాణ్ణి. పుస్తకంలో ఎక్కిస్తే ఎవరైనా చూసేస్తారని! ల్యాబ్‌లో సీనియర్ అక్క, "నా మట్టి లెక్కలు నీకిస్త, నీ ఆకుల లెక్కలు నాకియ్యి, ఇద్దరికీ పనికొస్తయ్" అంటే ముఖం చాటేశాను.

ఒకరోజు, సాయంత్రంలోగా ఏడాది నమూనాలు చూపించకపోతే ఫెలోషిప్ ఆగిపోతుందని గైడుగారి హుకుం. ఆ రోజే బంద్. పొట్లాల సంచి భుజాన వేసుకుని హయత్‌నగర్ అవతలి మా పరిశోధన కేంద్రానికి నడక మొదలుపెట్టాను. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. "ఏడికి పోతవ్ తమ్మీ, గీ ఎండల? కూసో, తిని పో" అంది పొయ్యి దగ్గరి పెద్దమ్మ. కూర్చున్నాను. నోరు విప్పితే యాస బయటపడుతుందని ఏది అడిగినా తలూపడమే. "ఉప్పు జర ఎక్కువేస్తున్న, నడుస్తదా?" తలూపాను. "మన రాష్ట్రం మనకొస్తదా?" ఇంకా గట్టిగా ఊపాను. పచ్చికట్టెలు పొగే తప్ప మంట ఇవ్వడం లేదు. "నీ సంచిల ఎండాకులు పొయిల వెట్టనా?" బస్సేదైనా కదులుతుందేమోనని రోడ్డు వైపే చూస్తూ దానికీ ఊపాను.

తిరిగి చూసేసరికి సంచి ఖాళీ, తూకాలు రాసిన పొట్లాలతో సహా అన్నీ పొయ్యిలో. "అయ్యయ్యో! ఏంటండీ ఇది! అవి నా ఆకులండీ!" అని గుండెలు బాదుకున్నాను. ఎవరూ కొట్టలేదు. పెద్దమ్మ మాత్రం బిత్తరపోయి, "ఆంధ్రోనివా? గింతసేపు నోరెందుకు మూస్కున్నవ్ బిడ్డా? అడిగిన గదా!" అంది. ఆకుల సంగతి చెప్పాక ఆమె కూడా కళ్లు తుడుచుకుంది. (పొగ కూడా కావచ్చు.) అందరికంటే ఎక్కువ వడ్డించింది. నా ఏడాది కష్టం మీద ఉడికిన అన్నాన్ని ఏడుస్తూ తిన్నాను. ఫెలోషిప్ పోయింది.

ఇప్పుడు నేనూ గైడునే. ఏ రోజు తూకం ఆ రోజే లోకమంతా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టేస్తాను. "సార్‌ది పెద్ద మనసు" అంటారు పిల్లలు. (మనసు కాదు నాయనా, భయం.) మొన్న పాత పట్టికలు ఎక్కిస్తూ ఆ ఏడాది దగ్గర ఆగిపోయాను. గళ్లన్నీ ఖాళీ, పక్కన కారణం రాయాలట. 'నమూనాలు లభ్యం కాలేదు' అని రాసి కొట్టేశాను. 'పరిశోధకుడు నోరు విప్పలేదు' అని రాశాను. ఆ బక్క కుర్రాడి మీద నవ్వూ, జాలీ ఒక్కసారే వచ్చాయి.