ఎల్బీ నగర్‌లో మా ‘ఖాళీ స్థలం’

కోపంతో చేసిన ప్రయాణాలు నాకు చాలానే ఉన్నాయి గానీ, నా మీద నాకే కోపమొచ్చి బస్సెక్కింది ఆ ఒక్కసారే. ఎనభైల్లో మాట. దేశమంతటికీ ఒకటిగా ఉన్న ఒక క్వేకర్ల (మౌన ప్రార్థన చేసే ఒక క్రైస్తవ శాఖ) సంస్థకి ఏడుగురు ట్రస్టీలుంటే, వాళ్ళలో నేనొకదాన్ని. మా పద్ధతి కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది. ఓట్లుండవు. మౌనంగా కూర్చుంటాం, చెప్పాలనిపించినవాళ్ళు చెబుతారు, క్లర్క్ అని మేం పిలుచుకునే పెద్దమనిషి ఆ మాటల సారాన్ని తీర్మానంగా అక్కడికక్కడే రాసి చదువుతాడు. ఒక్కరు కాదన్నా అది ఆగాలి. పోయిన సమావేశంలో, ఎల్బీ నగర్ దగ్గర మన స్థలం ఖాళీగా పడుంది, అమ్మేద్దాం అని పది నిమిషాల్లో తేల్చేశారు. నాకు ఒళ్ళు మండింది. కోపంలో మాట్లాడకూడదని మాకో అలవాటు కదా, నోరు మూసుకు కూర్చున్నాను. నా మౌనాన్ని అంగీకారం కింద రాసేసుకున్నారు.

నెల తిరక్కుండానే యాదమ్మ అనే నర్సు నుంచి కార్డు వచ్చింది. మీ జాగాలో ఉన్న దవాఖాన తీసేస్తారట, కొలిచేవాళ్ళు కూడా వచ్చిపోయారు, నిజమేనా అని. ఖాళీ స్థలంలో దవాఖానేమిటి? అసలా స్థలం ఎవరైనా వెళ్ళి చూశారా అని ఆ సమావేశంలోనే అడగాల్సింది నేను. అమ్మకం ఖాయం చేసే సమావేశం దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక ట్రస్టీ గారింట్లో, పదకొండు గంటలకి. ముందు రోజు రాత్రే విజయవాడలో బస్సెక్కాను. టికెట్టు ముప్పై చిల్లర.

విజయవాడ బస్సు ఎల్బీ నగర్ మీదుగానే పోతుంది, గౌలిగూడ బస్టాండు దాకా పోయి వెనక్కి రానక్కర్లేదు. ఆ మాట డ్రైవరుకి ముందే చెప్పుకోవాలి. నేను చెప్పలేదు, చౌరస్తా దాటాక ఆపి నన్ను నాలుగు చీవాట్లు పెట్టాడు. అప్పటికి ఆరున్నర. ఎటు చూసినా సున్నం పూసిన హద్దురాళ్ళు, కాలనీల బోర్డులు. ఐదు రూపాయలకి ఒప్పుకున్న ఆటో అతను కూడా రెండుసార్లు దారి తప్పాడు. “రోజుకో కాలనీ లేస్తున్నదమ్మా, గీడ తిరిగెటోణ్ణి, నాకే యాదికుంటలేదు” అన్నాడు.

దవాఖాన అంటే ఒక రేకుల షెడ్డు, దాని ముందు పాతికమంది ఆడవాళ్ళున్నారు. చంకల్లో పిల్లలు, చేతుల్లో సద్దిగిన్నెలు. కొందరు గడ్డిఅన్నారం వైపు కూలికి, కొందరు ఇళ్ళు కట్టేచోట ఇటుకలు మోయడానికి పోవాలి. అందుకని యాదమ్మ ఆరింటికే తలుపు తీసి తొమ్మిదికి తాళం వేస్తుందట. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి, ఇక్కడే స్థిరపడింది. ఇది పోతే నొప్పులొచ్చిన మనిషిని రెండు బస్సులు మార్చి తీసుకెళ్ళాలని చెప్పింది. మా వాళ్ళెవరైనా వచ్చి చూశారా అని అడిగాను. ఒకాయన మిట్టమధ్యాహ్నం కారులో వచ్చాడట. దిగలేదట. తాళం చూసి ఖాళీ అని రాసుకుపోయాడన్నమాట. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. తొమ్మిదికి తాళం వేయించి, ఆమెనీ వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ సిటీబస్సెక్కాను.

ఫ్యాను కింద అందరూ కళ్ళు మూసుకుని ప్రశాంతంగా కూర్చున్నారు. ఆ ప్రశాంతత చూస్తే నాకు ఇంకా మండింది. క్లర్క్ ప్రభాకర్ గారు కళ్ళజోడు సర్దుకుని, ఖాళీ స్థలం అమ్మకానికి అందరం ఏకమనసుతో ఒప్పుకున్నామని చదివారు. నేను లేచి, ఒప్పుకోలేదన్నాను. పోయినసారి మీరేమీ అనలేదే అన్నారు ఇంటాయన. కారులో వచ్చిన మహానుభావుడు ఆయనే.

“అనలేదు. అది నా తప్పు. నన్ను అడక్కుండా ఔనని రాసుకోవడం మీ తప్పు” అన్నాను.

యాదమ్మ మాట్లాడొచ్చా అని అడిగితే క్లర్క్ గారు తలూపారు. ఆమె చెంగు బిగించుకుని నిలబడింది.

“మొన్న పొద్దుగాల గాడ ఒక ఆడపిల్ల పుట్టింది సారూ. యాడ పుట్టిందని రాయాలె? ఖాళీ జాగల పుట్టిందని రాయాల్నా?”

ప్రభాకర్ గారు తీర్మానం అడ్డంగా కొట్టేసి, కింద కొత్తది రాసి చదివారు: చూడకుండా నిర్ణయించాం, అమ్మకం ఆపుతున్నాం. సమ్మతమేనా అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగారు. నా వంతు వచ్చినప్పుడు సమ్మతమేనని అవసరమైనదానికంటే గట్టిగానే అన్నాను.

ట్రస్టీ అంటే యజమాని కాదు, ఎవరికోసమో కాపలా కాసే మనిషి. ఆ మాట మేం ప్రతి సమావేశంలోనూ చెప్పుకునేవాళ్ళం, కాపలా కాసేది ఎవరికోసమో మాత్రం చూసిరాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోవాలనీ లేదు. మీరూ ఏదైనా సంస్థ తరఫున అలాంటి స్థలం చూడ్డానికి వెళ్తుంటే ఒక్కటే చెబుతాను. పొద్దున్నే ఏడింటికల్లా అక్కడుండండి. తొమ్మిది దాటాక వెళ్తే మీక్కూడా ఖాళీగానే కనిపిస్తుంది.