వేడికి నిలవని అణువు

ఎవరితోనూ అనలేదు కానీ, నా సీసాలో ఏమీ లేదని ఒక దశలో నేనూ నమ్మేశాను.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఒక మందు అణువుకు చక్కెర అణువును అతికించాలి. వేసవంతా అదే పని చేస్తే చివరికి సీసా అడుగున మిగిలింది గోరంచున పట్టేంత తెల్లపొడి. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ నారాయణగూడలోని ఒక ల్యాబులో ఉంది. నా పొడిలో సగం అక్కడికి పంపితే, చక్కెర లేని పాత మందు బరువే వచ్చింది.

"అతకలేదమ్మా. ఈ వారంలో తేలకపోతే టాపిక్ మార్చుకో," అన్నారు మా సార్.

చిక్కడపల్లిలో మా మేడ మీద కూర్చుని ఆ రిపోర్టు మళ్ళీ చదివాను. పొడిని బాగా వేడి చేసి, ఆవిరిని ఎలక్ట్రాన్లతో కొట్టి తూచారట. నా అణువు ఆవిరయ్యేలోపే, మాడిన పాకంలా విరిగిపోయి ఉండదా? ఆవిరి చేయనక్కర్లేని దారి ఇంకొకటుందని చదివాను: పొడిని కరిగించి, కరెంటు పెట్టిన సన్నటి సూదిలోంచి చిమ్మడం. కానీ ఆ మాట నోరు తెరిచి అడగాలి కదా.

మర్నాడు మిగిలిన పొడితో నేనే వెళ్ళాను. మెషీన్ నడిపే అక్క టిఫిన్ డబ్బా మూత పెడుతూ తలెత్తింది. ఏదో గొణిగాను.

"ఏమన్నవ్? జర గట్టిగ చెప్పమ్మా, పంపు సప్పుడుల ఏం వినొస్తలే."

"వేడికి విరిగిపోతదక్కా!" అని అరిచాను. "సూదితోని స్ప్రే చెయ్యండి!"

"అబ్బో, గొంతుంది గదా నీకు! మరి మొదలే చెప్పొద్దా? ఉత్త పొడి పంపితే పొయ్యి మీద పెట్టినం."

పొడిని మిథనాల్‌లో కరిగించి, గాజు సిరంజిలోకి తీసింది. మెషీన్ అద్దం మీదికి టార్చి వేసి, చూడమని నన్ను పిలిచింది. సూది మొనలోంచి పలచటి పొగ లేస్తోంది. అందులో ప్రతి తుంపరా ఆరిపోతూ, లోపలి కరెంటు ఛార్జికి చోటు ఇరుకైనకొద్దీ చీలిపోతూ, చివరికి అణువొక్కటే మిగులుతుందట. పుస్తకంలో అది ఒక బొమ్మ. ఇక్కడ నా వేసవంతా ఆ పొగలో ఎగురుతోంది. ఊపిరి గట్టిగా వదలడానికి కూడా భయం వేసింది.

తెర మీద ఒక గీత లేచింది. నాకు కంఠతా వచ్చిన బరువు కాదది.

"ఎంతెక్కువున్నది?" అంది అక్క.

"ఇరవై మూడు."

"సోడియం. గాజు సీసాలకెల్లి అంటుకున్నదది. తీసేసి చూడు."

తీసేశాను. సరిగ్గా సరిపోయింది. చక్కెరతో సహా, ఎక్కడా విరగకుండా, మొత్తం. సీసా గోడలోంచి కారిన, ఏ కంటికీ కనిపించని సోడియాన్ని కూడా లెక్కలోకి తెచ్చిన ఆ ఉక్కు పెట్టె ముందు నాకు ఒళ్ళు జలదరించింది.

అక్క ప్రింటు తీసి నా చేతిలో పెట్టింది.

"బిడ్డ బరువు నేను చెప్పిన. పేరు నువ్వే పెట్టుకోవాలె."