రాళ్ల చేనికి మేమెందుకొచ్చాం

బనగానపల్లెకు కొంచెం దూరంలో, మా ఊరి చివర, మాకు ఐదెకరాల చేను ఉంది. పైన జానెడు మట్టి, కింద బండ. ఆ చేనులో కొర్రలు, కందులు పండించే మా నాయన నన్నూ మా అన్ననూ పెంచాడు. నేనిప్పుడు కల్లూరులో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతున్నాను. సెలవు దొరికితే ఊరికి పోతాను.

భూముల రీసర్వే మా ఊరికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. సర్వే చేసే ఆయన చేతిలో కాగితాలు పట్టుకొని మా గట్టు మీద నిలబడ్డాడు. రికార్డులో మా చేను సర్కారు బంజరని ఉంది.

"ఈ భూమి మీకెట్ల వచ్చిందప్పా?" అని నాయనను అడిగాడు.

"మా నాయన కాలం నుంచి మేమే చేసుకుంటాండాం సార్."

"అది సరే. కొన్నారా, సర్కారిచ్చిందా?"

పట్టా కాగితం ఒకటి ఉండేదనీ, పెట్టెలో చెదలు తినేసిందనీ మాత్రం నాయన చెప్పగలిగాడు. పక్క చేను రైతు కల్పించుకున్నాడు. "వీళ్లు యుద్ధమైపోయినాక యాడనుంచో వచ్చినోళ్లు సార్. బీడు పడి ఉంటే దున్నుకున్నారు." ఆయన కోపంతో అనలేదు. చిన్నప్పటి నుంచి విన్నమాటే చెప్పాడు.

ఆ మాట నేనూ విన్నాను. మా తాత రెండో ప్రపంచ యుద్ధానికి పోయి వచ్చాడనీ, తర్వాత సొంత ఊళ్లో ఏదో తప్పు చేసి పెళ్లాన్ని తీసుకొని పారిపోయి వచ్చాడనీ ఊళ్లో అనుకునేవాళ్లు. నాయనకు ఆరేళ్లప్పుడే తాత జ్వరంతో చనిపోయాడు. మా జేజి ఒక్కతే చేను చేసి కొడుకును సాకింది. ఎందుకొచ్చారని ఎప్పుడడిగినా, "ఆ ఊరి మాట ఎత్తొద్దు" అనేదట. దాంతో నాయన కూడా అది తప్పే అయి ఉంటుందని నమ్మాడు. ఊరి పంచాయతీలో ఆయన ఎప్పుడూ చివరనే నిలబడేవాడు. మాట్లాడాల్సి వచ్చినా మాట్లాడేవాడు కాదు.

మండల ఆఫీసుకు పోతే, భూమిలేని పేదలకు ఇచ్చిన పట్టాల జాబితా వెతికారు. అందులో తాత పేరు లేదు. ఆధారమేదైనా ఉంటే నెలలోపల తెమ్మన్నారు.

ఇంటికొచ్చాక అడిగాను. "తాతది యా ఊరు నాయనా?"

"రాజంపేట కాడ." ఊరి పేరు చెప్పి, "పోవద్దులేమ్మా," అన్నాడు. "తప్పు బయటపడితే మళ్లీ ఆ మాట మీ పిల్లల దాకా వస్తాది."

"తప్పయితే తప్పని తెలుసుకుందాం. తెలీకుండానే డెబ్బై ఏండ్లు తల దించుకున్నావు గదా," అన్నాను. అలా అన్నందుకు తర్వాత బాధపడ్డాను. ఆయన మాత్రం మళ్లీ వద్దనలేదు.

ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి కడప మీదుగా రాజంపేటకు, అక్కడినుంచి ఆటోలో ఆ ఊరికి చేరేసరికి చర్చిలో ఆరాధన ముగుస్తోంది. మావాళ్లు మూడు తరాల నుంచి క్రైస్తవులు. ఏమైనా రాసిపెట్టి ఉంటే చర్చిలోనే ఉంటుందని నా ఆశ. పాస్టరు గారు నా మాటంతా విని, బీరువాలోంచి గుడ్డలో చుట్టిన పాత రిజిస్టరు తీశారు. పుటలు పెళుసెక్కి ఉన్నాయి. ఇద్దరం వేలు పెట్టి ఒక్కో పేరే చదువుకుంటూ పోయాం.

చాలాసేపటికి తాత పేరు కనబడింది. దాని ఎదురుగా ఎవరో గుండ్రటి అక్షరాలతో రాశారు: "పటాలము నుండి తిరిగి వచ్చిరి. పటాలపు భూమికి కాపురము పోవుచున్నందున సంఘపు ఉత్తరమిచ్చితిమి." కింద మా ఊరి పేరు.

పటాలపు భూమి. సైనికులకు ఇచ్చిన భూమి. ఆ పుటను ఫోనులో ఫొటో తీసుకున్నాను. పారిపోయే మనిషికి, కొత్త ఊరి చర్చిలో చూపించుకోమని సంఘం ఉత్తరం రాసివ్వదు.

"ఆయన చెల్లెలు ఇంకా ఉండాదమ్మా, తెలుసునా?" అన్నారు పాస్టరు గారు. నాకే కాదు, నాయనకు కూడా తెలియదు.

ఆ అవ్వ ఇల్లు చర్చి వెనకే. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేనెవరో పాస్టరు గారు చెప్పగానే చేతిలో కత్తి పక్కన పెట్టి, నా గడ్డం పట్టుకుని ముఖం ఎండవైపు తిప్పింది.

"మా వదిన ముక్కే," అంది. "కూర్చో. ఇన్నేండ్లకా వచ్చేది?"

ఎందుకు ఊరొదిలారని అడిగాను. ఆమె ఎదురుచూస్తున్నట్టే మొదలుపెట్టింది.

"మా అన్న పెద్ద రైతు ఇంట్లో జీతగాడు. గొడ్ల కాడ పని. ఒకనాడు చెప్పకుండా కడపకు పోయి పటాలంలో చేరినాడు. బర్మా దిక్కు యుద్ధమంట. మూడేండ్లు మనిషి లేడు. వచ్చిననాడు నాకు పదేండ్లు. ఖాకీ చొక్కా, కాళ్లకు బూట్లు. అవి ఏసుకొనే పెద్ద వీధిలో నడిచినాడు. అరుగు మీద నుంచి ఆ రైతు, 'ఒరే, బూట్లు చేతిలో పట్టుకొని పో' అన్నాడు. మా అన్న నిలబడి ఆయన్ని చూసినాడు. అట్లనే నడిచొచ్చినాడు. నేను ఎనకాలే ఉంటి."

మర్నాటి నుంచి మా తాత ఇంటివాళ్లను ఎవరూ పనికి పిలవలేదట. తాతతో పాటు అందరూ పస్తులున్నారు. ఆరేడు నెలలకు, పటాలం నుంచి వచ్చినవాళ్లకు సర్కారు బంజరు భూములిస్తోందని కబురు వచ్చింది. తాతకు ఐదెకరాల చీటీ అందింది. ఆ సంగతి తెలిసి రైతు మనిషిని పంపాడు. అది ఉత్త రాళ్ల నేలంట, ఆకలికి చస్తారు, క్షమించమని అడిగి మళ్లీ పనిలో చేరితే పాత సంగతులు మరిచిపోతానన్నాడు.

"మా నాయన, అమ్మ భయపడిపోయినారు. మా అన్న కూడా వెనకా ముందూ ఆడినాడు. అబద్ధమెందుకు చెప్పాల. మీ జేజి అప్పుడు ఐదు నెలల గర్భిణి. పొయ్యి కాడినుంచి లేసొచ్చి, 'రాళ్లయితే ఏముండాది, ఏరుతాం. ఏరిన రాయి కూడా మనదే గదా' అనింది. అంతే. ఆ మాటతో పోవడం ఖాయమైపాయ."

"రాత్రి పూట పోయినారా అవ్వా?" అని అడిగాను. నేను విన్నది అదే కదా.

అవ్వకు కోపం వచ్చింది. "ఎవురన్నారు ఆ మాట? పొద్దెక్కినాక పోయినారు. సక్కగా పెద్ద వీధిలోనే. మీ జేజి తిరగలి నెత్తిన పెట్టుకొని ముందు నడిచినాది. ఊరి బయట వంక దాకా నేను ఎంట పోయినా. 'ఇంగ ఈ ఊరి మాట ఎత్తను' అనింది మీ జేజి. ఆమె ఏడ్వలేదు. నేనే ఏడిస్తి."

ఆమె చెప్పిందంతా, రిజిస్టరులోని ఆ పుటా ఫోనులో పట్టుకొని మర్నాడు ఊరికి పోయాను. నాయన చేనులో గుంటక తోలుతున్నాడు. గట్టు మీద కూర్చోబెట్టి అవ్వ గొంతు వినిపించాను. రెండుసార్లు విన్నాడు.

"అయితే తరమలేదు," అన్నాడు చివరికి.

"లేదు నాయనా. వాళ్లే వచ్చినారు."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచి, నేరుగా పక్క చేను రైతు దగ్గరికి నడిచాడు. ఏం చేస్తాడోనని నేనూ వెనకే పోయాను. "ఏమప్పా, మా నాయన దున్నుకోలేదు. యుద్ధం చేసినోనికి సర్కారిచ్చింది. ఇంగ ఎవురడిగినా అట్ల చెప్పు," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ రైతు, "నాకు తెలీదప్పా. చెప్తాలే," అన్నాడు.

మండల ఆఫీసులో ఈసారి మాజీ సైనికుల జాబితా అడిగాం. అది వేరే గదిలో, దుమ్ము కట్టల్లో ఉంది. ఇద్దరు ఉద్యోగులు రెండు రోజులు వెతికారు. మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. తాత పేరు, తండ్రి పేరు, ఐదెకరాలు, నాలుగు హద్దులు అన్నీ ఉన్నాయి. ఇన్నాళ్లూ మేము తప్పు జాబితాలో వెతికాం. తాత సైనికుడిగా భూమి తీసుకున్నాడని మాకే తెలియకపోతే వాళ్లకెలా తెలుస్తుంది. కొత్త పాస్‌బుక్కు నాయన పేరు మీద వచ్చిన రోజు, మా అన్న తాడిపత్రి నుంచి పని మానుకొని వచ్చి ఊరంతటికీ మైసూరుపాకు పంచాడు.

మా ఊరి చర్చిలో కోతల పండుగకు అవ్వను కారులో పిలుచుకొచ్చాం. నాయన తన మేనత్తను చూడడం అదే మొదటిసారి. ఇద్దరూ చాలాసేపు ఒకరి చేతులొకరు పట్టుకొని కూర్చున్నారు. ఆరాధనలో మా ఊరి పాస్టరు గారు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవమంటే, నాయన లేచి రాళ్ల గురించి మా జేజి అన్న మాటను ఉన్నదున్నట్టు చెప్పాడు. వెనక బెంచీల్లోని ఆడవాళ్లు ముందుకు వంగి విన్నారు.

సాయంత్రం అవ్వ చేనంతా తిరిగింది. కోసి వేసిన కొర్ర వెన్ను ఒకటి అరచేతిలో నలిపి, పొట్టు ఊది, గింజలు నోట్లో వేసుకుంది. "బాగుండాది," అంది. నాలుగు దినాలుండి పోతానని వచ్చిన మనిషి, కంది నూర్పిళ్లు అయ్యేదాకా కదల్లేదు.