దొంగల అలారంలో అమ్మ పలకరింపు

మా ఇంట్లో దొంగలు పడింది గుడ్ ఫ్రైడే నాడు. ఏలూరులో క్రైస్తవుల ఇల్లు దోచుకోవాలంటే అంతకంటే మంచి రోజు లేదు. మిట్టమధ్యాహ్నం చర్చిలో కూర్చుంటే, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ప్రతివాళ్లూ తమ మాటే ముఖ్యమన్నట్టు సాగదీస్తారు. మధ్యలో లేచి వచ్చే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆ సంగతి మాకెంత తెలుసో దొంగకీ అంతే తెలుసు. వచ్చాడు. మిక్సీ తీసుకున్నాడు. అమ్మ పండగలకి కట్టుకునే పట్టుచీర తీసుకున్నాడు. ఉపవాసం విడిచాక తిందామని వండిపెట్టిన పప్పుతో సహా కుక్కరు పట్టుకెళ్లాడు. పోయే ముందు తీరిగ్గా కూర్చుని ఆవకాయ వేసుకుని అన్నం తిన్నాడు. తిన్న కంచం శుభ్రంగా కడిగి బోర్లించాడు.

పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసుకునే ఆయన, "ఏం పప్పండీ?" అని అడిగాడు. దోసకాయ పప్పని అమ్మ చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

అప్పటికి నాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఉండేది అమ్మా నేనూ. నేను తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లి, సాయంత్రం పాసింజరులోనే తిరిగొచ్చేదాన్ని. అమ్మ రిటైరైన నర్సు. రక్తాలూ కుట్లూ చూస్తూ జీవితమంతా గడిపిన మనిషి, దేనికీ అదిరేది కాదు. అలాంటి మనిషిని ఆ కడిగిన కంచం బెదరగొట్టేసింది.

"ఎత్తుకుపోతే ఎత్తుకుపోయాడే. కంచం కడిగాడు చూడు, ఎంత ధీమా వాడికి! చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చాడు. మళ్లీ వస్తాడు," అనేది.

అంతే, ఆవిడ గడప దాటడం మానేసింది. కూరలు గేటు దగ్గరే కొనేది. చర్చికి రాలేనంటే పాస్టరుగారే ఇంటికొచ్చి ప్రభురాత్రి భోజనమని రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చి, టీ తాగి వెళ్లేవారు. నేను ఎంత మొత్తుకున్నా, "నేను బయటికెళ్తే ఇల్లెవరు చూస్తారు?" అన్న ఒక్క మాటతో నా నోరు మూయించేది. నాకేమో ఒళ్లు మండిపోయేది. ఇల్లు చూడటానికి ఇంట్లో ఏం మిగిలిందని? మిక్సీ పోయింది, కుక్కరు పోయింది.

ఇదంతా ఎలాగో భరించేదాన్ని, కలిదిండిలో పిన్ని జారిపడకపోతే.

పిన్ని అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు. వాళ్లకి చేపల చెరువులున్నాయి. వానలో చెరువు గట్టు మీద కాలుజారి పడింది, కుడి భుజం విరిగింది. కట్టు విప్పాక కూడా చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. పిన్నికి నడుం దిగే జుట్టు. ఆవిడకున్న గర్వమంతా అదే. ఎడంచేత్తో దువ్వుకోలేదు, ఇంకొకళ్లని చెయ్యి వెయ్యనివ్వదు. చిన్నప్పుడు ఆ తల దువ్వింది అమ్మే. కోడలు దువ్వెన పట్టుకుంటే చాలు, "అమ్మో, పీకేస్తోంది!" అని కేకలు. జుట్టంతా చిక్కులు పడి ఉండలు కట్టేసింది. కోడలు మెత్తటి పిల్ల. పాపం, ఎంతకాలమని ఊరుకుంటుంది? "కత్తిరించేద్దాం అత్తయ్యగారూ, మళ్లీ పెరుగుద్ది కదండీ," అంది. ఆ వయసులో ఏం పెరుగుతుంది?

పిన్ని రోజూ ఫోను చేసేది. "అక్కా, ఒక్కసారి రావే. నువ్వు రాకపోతే నన్ను బోడిదాన్ని చేసేస్తారు."

"ఇల్లెవరు చూస్తారే?" అని అమ్మ.

ఇద్దరూ ఫోనులో ఏడ్చేవాళ్లు. ఇద్దరికీ మధ్య ఉన్నది రెండు బస్సుల దూరం.

ఇక లాభం లేదని నేను గూడెంలో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్టుకి వెళ్లాను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులు. కొట్టాయన ఒక అట్టపెట్టె తీసి, "వైర్లే ఉండవండీ, అంతా గాల్లోనే పనిచేస్తదండీ. దొంగ అడుగుపెట్టాడంటే సైరన్ కొడద్దండీ, మీ ఫోనుకి అదే కాల్ చేసి చెప్పేస్తదండీ," అన్నాడు. పెట్టెలో ఒక పెద్ద డబ్బా, అందులో వెయ్యడానికి సిమ్ కార్డుకి చోటు, ఒక సైరన్, తలుపులకి అంటించే అయస్కాంతాలు, మనిషి కదిలితే పసిగట్టే ఒక తెల్ల కన్ను, తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న రిమోటు ఉన్నాయి. అన్నిటికంటే చౌకరకం అదే. దాంతో ఇచ్చిన పుస్తకంలోని ఇంగ్లీషు ప్రకారం, దొంగ లోపలికి వచ్చినప్పుడు యజమాని సంతోషంగా మోగవలెను.

లెక్కల లెక్చరర్ని, ఇదొక లెక్కా అని నేనే బిగించాను. అయస్కాంతాల వెనక జిగురు టేపుంది. మా గోడలకి సున్నం. పొద్దున అంటిస్తే సాయంత్రానికి సున్నం పెచ్చుతో సహా ఊడి కిందపడేది. పడగానే తలుపు తెరిచారనుకుని సైరన్ కుయ్యోమనేది. మొదట్లో పక్కింటి మామ్మగారు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. తర్వాత కర్ర లేకుండా వచ్చారు. ఆ తర్వాత రావడం మానేసి టీవీ సౌండు పెంచుకున్నారు.

"ఇదేంటే, చీటికీమాటికీ ఏడుస్తుంది! పాలు చాలని పిల్లలా," అని అమ్మ విసుక్కునేది.

చివరికి మేకులు కొట్టి, దారాలతో కట్టి నిలబెట్టాను. ఇక మిగిలింది గొంతు. దొంగ వస్తే ఆ డబ్బా మూడు నంబర్లకి ఫోను చేసి, మనం ముందే చెప్పిపెట్టిన మాటలు వినిపించి, కాసేపాగి పెట్టేస్తుంది. ఆ మాటలకి పది సెకన్లే సమయం. నా నంబరు, పెంటపాడులో వ్యవసాయం చేసుకునే మా బాబాయి నంబరు, కలిదిండి పిన్ని నంబరు ఎక్కించాను. ఇంట్లో ఉండేది అమ్మ కాబట్టి గొంతు ఆవిడదైతేనే అందరూ నమ్ముతారని నా తెలివి. బొత్తాం నొక్కి, చెప్పమ్మా అన్నాను.

"వందనాలండీ. నేనండీ, ఏలూరు నించండీ. అంతా బాగున్నారా అండీ? ఏం లేదండీ, ఊరికే చేశానండీ. మరి మా ఇంట్లో..."

టింగ్ మని పది సెకన్లూ అయిపోయాయి.

"అమ్మా, 'దొంగలు పడ్డారు, రండి' అను చాలు!"

"బాగుంది! ఫోను ఎత్తీ ఎత్తగానే మొహాన అలా అంటారటే ఎవరైనా? మీ బాబాయికి అసలే బీపీ. కాస్త ముందు పలకరించి, ఆ తర్వాత మెల్లిగా చెప్పాలి."

మళ్లీ చెప్పించాను. ఈసారి బీపీ ఎలా ఉందని కూడా అడిగింది. ఎన్నిసార్లు చెప్పించినా దొంగ దాకా వచ్చేసరికి టింగ్ మనేది. హడావిడిగా చెప్పమంటే, "ఆ మిషన్నే కాస్త ఆగమను," అంది. విసిగి మొదటిదే ఉంచేసి, బాబాయికీ పిన్నికీ ఫోను చేసి ఇలాంటి కాల్ వస్తే దొంగ పడ్డట్టు అని చెప్పాను. ఇద్దరూ సరేనన్నారు. ఇద్దరూ మర్చిపోయారు.

ఆదివారం నాడు బతిమాలి, బామాలి అమ్మని చర్చికి లాక్కెళ్లాను. రెండో పాట అందుకునేసరికి నా సెల్ మోగింది. అమ్మ నా పక్కనే పాడుతోంది, ఫోనులో అమ్మే బాగున్నారా అని అడుగుతోంది. ఇద్దరం ఆటో ఎక్కి ఇంటికి పరిగెత్తాం. తాళం వేసింది వేసినట్టే ఉంది. తెల్ల కన్ను మీద ఒక బల్లి, తోక ఆడిస్తూ మా వంక చూస్తోంది. మామ్మగారింట్లో టీవీ హోరెత్తిపోతోంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి బాబాయి దిగాడు, మోపెడ్ మీద బియ్యం బస్తాతో.

"ఆయ్, వదినగారు అంత ఆప్యాయంగా పలకరిస్తే రాకుండా ఎలా ఉంటానండీ! నేను కబుర్లన్నీ చెప్తానే ఉన్నాను, మధ్యలో పెట్టేశారేంటండీ? మా ఇంట్లో అని ఏదో అన్నారు. బియ్యం అయిపోయాయేమో, అడగటానికి మొహమాటపడ్డారేమో అనుకున్నానండీ."

నేను తల పట్టుకున్నాను. అమ్మ మాత్రం మురిసిపోయి ఆయనకి కోడిగుడ్ల కూర చేసిపెట్టింది. డబ్బా కొన్నాక ఆవిడ మొహంలో వెలుగు చూడటం అదే మొదటిసారి.

ఆ వెలుగు సాయంత్రందాకా ఉంది. సాయంత్రం పిన్ని కోడలు ఫోను చేసింది.

"వదినగారూ, పొద్దున పెద్దత్తయ్యగారు ఫోను చేశారంటండీ. మా అత్తయ్యగారు ఏడుస్తా జుట్టు సంగతి అంతా చెప్పుకున్నారంట. పెద్దత్తయ్యగారు ఒక్క మాటైనా అనకుండా పెట్టేశారంటండీ. అప్పట్నించీ అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. రేపు మంగలిని పిలిపించెయ్యమన్నారండీ."

"అయ్యో, అది మిషనమ్మా! దొంగల అలారం!" అని అరిచాను.

"మిషనైతే బాగున్నారా అని ఎందుకు అడుగుద్దండీ?" అంది ఆ పిల్ల. పిన్నికి ఇమ్మంటే పిన్ని ఫోను పట్టుకోనంది.

అమ్మ అన్నీ వింది. లోపలికెళ్లింది. మర్నాడు నేను లేచేసరికి చీర కట్టుకుని, సంచీలో కొబ్బరినూనె సీసా, తన చెక్క దువ్వెన పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"కాలేజీకి సెలవు పెట్టు. పద," అంది.

తాళం వేసి, డబ్బా ఆన్ చేసి బయల్దేరాం. బస్సులో కొల్లేరు దాటుతున్నంతసేపూ అమ్మ ఆ చిన్న రిమోటు గుప్పిట్లో పెట్టుకుని నొక్కుతూనే ఉంది. అది మా గేటు దాకా కూడా పనిచెయ్యదని చెప్పాను. "పనిచెయ్యకపోతే పోనీ, నా తృప్తి నాది," అంది. కైకలూరులో ఐసు లారీల మధ్య బస్సు మారాం. ఇక్కడే కూలబడి వెనక్కి పోదామంటుందేమోనని ఆవిడ వంకే చూస్తున్నాను. అనలేదు, కానీ చెయ్యి నా చెయ్యి వదల్లేదు.

మేం వెళ్లేసరికి మంగలి ఇంకా రాలేదు. పిన్ని గోడవైపు తిరిగే ఉంది. అమ్మ మంచమెక్కి ఆవిడ వెనక కూర్చుంది. వచ్చానని కూడా చెప్పలేదు. నూనె చేతిలో పోసుకుని ఆ ఉండల్లో వేళ్లు పెట్టింది. ఆ వేళ్లు తగలగానే పిన్ని భుజాలు కదిలాయి. తిరిగి చూడకుండానే ఏడ్చింది. ఎక్కడా అమ్మో అనలేదు.

సగం తల అయ్యేసరికి నా సెల్ మోగింది. అది ఆగిన కాసేపటికి హాల్లో పిన్ని వాళ్ల ఫోను. కోడలు ఎత్తి, కంగారుగా దాన్ని తెచ్చి పిన్ని చెవి దగ్గర పెట్టింది. వందనాలండీ, అంతా బాగున్నారా అండీ అని నాకూ వినపడుతోంది.

పిన్ని బెదిరిపోయింది. "అక్కా, నా వెనకాల ఉన్నది నువ్వేనా? మరి ఇదెవరే?"

"అదా? అది ఉత్త వాగుడుకాయ. దాంతో నీకెందుకు, పెట్టెయ్," అంది అమ్మ.

నేను వీధిలోకి వచ్చి పక్కింటి మామ్మగారికి ఫోను చేశాను. ఇంకో బల్లి అయ్యుంటుందనుకున్నాను.

"సైరన్ మోగిందమ్మా, రోజూ మోగేదే కదా అని నేను లేవలేదు," అన్నారు మామ్మగారు. "కానీ ఇవాళ అది వీధిలోంచి వెళ్తున్నట్టు వినిపించింది. చూస్తే ఎవడో సైకిలు మీద పోతున్నాడు, గోనెసంచిలోంచి మోత. మీ తలుపు బార్లా తెరిచుంది. గోడ మీద ఆ డబ్బా లేదు, సైరనూ లేదు. లోపల ఇంకేం పోయాయో మీరొచ్చి చూసుకోవాలి."

అమ్మకి ఎలా చెప్పను? చెప్పకుండా ఎలా ఉండను? ఇంక జన్మలో గడప దాటదు అనుకుంటూనే లోపలికొచ్చాను. ఆవిడ మొహం చూసి పలకరింపులేమీ లేకుండా చెప్పేశాను. "అమ్మా, దొంగలు పడ్డారు. నిజంగానే. తలుపు తెరిచే ఉందట. ఇప్పుడు బయల్దేరితే కైకలూరులో బస్సు దొరుకుతుంది."

దువ్వెన ఆగింది. పిన్ని తల తిప్పబోయింది. అమ్మ ఆ తలని రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలబెట్టింది.

"నువ్వెళ్లి తాళం వేసి రా," అంది నాతో. "ఇక్కడ సగమే అయింది. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది."

"ఇంట్లో ఏం పోయాయో..."

"ఏం పోతే అది పోయింది. వెళ్లేటప్పుడు ఆ నూనె సీసా ఇలా అందించు."

అందించాను. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం చెల్లెలి మెడ దగ్గర చిక్కు మీదికి వంగి, "కదలకే, నొప్పెడుతుంది," అంటోంది.